రిహర్స్ అంటే మళ్లీ గుంటక తోలడం

అమ్మా, నీ ప్రశ్న నిదానంగా చదివాను. కావలిలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో మాక్ టెస్ట్ రాశావు. ప్యాసేజీలో 'ది రిపోర్ట్ మియర్లీ రిహర్సెస్ ది ఓల్డ్ ఆర్గ్యుమెంట్స్' అన్న వాక్యం వచ్చింది. రిహర్స్ అంటే 'సాధన చేయడం' అని పెట్టావు, మార్కు పోయింది. కీలో 'మళ్లీ చెప్పడం' అని ఉంది. కోచింగ్‌లో అడిగితే కీలో అచ్చుతప్పు పడి ఉంటుందిలే అన్నారు. రూముకొచ్చి ఫోన్‌లో వెతికితే, ఈ మాటకూ శవాన్ని తీసుకెళ్లే బండికి ఇంగ్లీషులో ఉన్న 'హర్స్' అన్న పేరుకూ చుట్టరికం ఉందని కనబడింది. ఇంకా టెన్షన్ పెరిగింది. ఈ మాటకి అసలు అర్థం ఏమిటి, నాటకాల రిహార్సల్‌కీ శవాల బండికీ ఏం సంబంధం అని అడిగావు.

కీ సరిగ్గానే ఉంది. చుట్టరికమూ నిజమే. నిన్ను దారి మళ్లించింది రిహార్సల్ అన్న మాట. మనకది నాటకాల వల్ల, సినిమాల వల్ల, ఆగస్టు పదిహేను కవాతు వల్ల చిన్నప్పటి నుంచీ తెలుసు. నామవాచకం ముందు పరిచయమై, క్రియ తర్వాత ఎదురైతే, క్రియకి కూడా అదే అర్థం అనుకుంటాం. ఇంగ్లీషులో మాత్రం వరస తిరగబడి ఉంది. రిహర్స్ అన్న క్రియ సుమారు 1300 నాటికే ఆ భాషలో ఉంది. నాటకం వాళ్లు దాన్ని తమ పనికి వాడుకున్నది 1570ల తర్వాతే. అంటే రెండున్నర శతాబ్దాలకు పైగా ఆ మాటకి నాటకంతో పనే లేదు.

ఈ మాట పుట్టుక చెప్పాలంటే చేలోకి వెళ్లాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా పొదిలి, దర్శి, కనిగిరి వైపు బడుల్లో ఇంగ్లీషు చెప్పాను. పుట్టింది మాత్రం సేద్యం ఇంట్లో, పొదిలి పక్క పల్లెలో. ఎర్రనేలలు. కంది, సజ్జ, వరిగ వేసేవాళ్లం. తొలకరికి నాయన మడక కట్టి దున్నేవాడు. మడక పోయిన చేను చూస్తే పెళ్లలు పెళ్లలుగా లేచి ఉంటుంది, నడిస్తే మడమ మెలికపడుతుంది. ఆ పెళ్లల మీద విత్తనం వేస్తే కొంత సందుల్లో పడి లోతుకు పోతుంది, కొంత పైనే ఎండి చీమల పాలవుతుంది. అందుకని ఒక వాన పడి నేల మెత్తబడ్డాక గుంటక కట్టేవాడు.

గుంటక అంటే అడ్డంగా ఒక దుంగ, దాని కింద రెండు కాళ్లు, ఆ కాళ్లకు అడుగున పొడవాటి ఇనప బద్ద. నన్ను ఆ దుంగ మీద కూర్చోబెట్టేవాడు, బరువు కోసం. నాకప్పుడు పదేళ్లు. కొంత దూరం పోయేసరికి బద్దకి గడ్డి, పోయినేటి సజ్జ మోళ్లు చుట్టుకుని గుంటక నేలను వదిలి పైకి తేలేది. నాయన ఎద్దుల్ని నిలిపి, నన్ను దించి, గుంటకను ఒక చేత్తో పైకెత్తి, కాలితో ఆ చెత్త నెట్టేసి, మళ్లీ దించి, మళ్లీ నన్ను ఎక్కించేవాడు. నిలువునా తోలిన చేలోనే మర్నాడు అడ్డంగా తోలేవాడు. "నిన్న తోలిందే గదా నాయనా, మళ్లీ ఎందుకు?" అని అడిగాను ఒకసారి. "పెళ్లలు పగిలినయ్యి గానీ పైన ఇంకా మూసుకోలేదురా. ఇట్టా వదిలేస్తే రెండు ఎండలకి లోపలి పదునంతా ఆరిపోద్ది" అన్నాడు. చేను అదే, ఎద్దులూ అవే, గుంటకా అదే. రెండోసారి తోలాక మట్టి మాత్రం నిన్నటిది కాదు, చేత్తో తీస్తే వేళ్ల సందుల్లోంచి జారిపోయేది.

రిహర్స్ అంటే మొదట ఇదే. పాత ఫ్రెంచిలో 'హెర్స్' అని ఒక సేద్యపు పనిముట్టు ఉంది. దుక్కి దున్నిన చేలో పెళ్లలు పగలగొట్టడానికి, గడ్డి లాగడానికి పశువులకు కట్టి ఈడ్పించే పళ్ల చట్రం. దాన్ని ఈడ్పించడం 'హెర్సియే'. ముందు 'రె' చేరిస్తే, మళ్లీ ఒకసారి ఈడ్పించడం, దున్నిన నేలనే తిరిగి కదిలించడం. అదే 'రెహెర్సియే'. చెప్పిన మాట మీదుగా మళ్లీ ఒకసారి వెళ్లడానికి కూడా ఫ్రెంచివాళ్లే దాన్ని వాడుకున్నారు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి కొలువుల్లో, కోర్టుల్లో ఫ్రెంచి రాజ్యం చేసింది. ఆ దారిలోనే ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది, 'చెప్పడం, వివరించడం, చెప్పింది తిరిగి చెప్పడం' అన్న అర్థంతో. ఇంగ్లీషు రైతుకి చేలో ఈ ఫ్రెంచి మాటతో అవసరం పడలేదు, అతనికి సొంతంగా 'హారో' అన్న మాట ఉంది. అందుకే ఇంగ్లీషులో రిహర్స్ చేను వదిలేసి నోటి మాటగానే బతికింది. (ఆ హారో నుంచే మనసును పళ్లతో గీరినట్టు బాధపెట్టే దాన్ని 'హారోయింగ్' అంటారు. అదీ నీ పరీక్షల్లో వచ్చే మాటే.)

ఒక తేడా చెప్పాలి. మన గుంటకకి ఉండేది బద్ద. వాళ్ల హెర్స్‌కి ఉండేవి పళ్లు. ఆ పోలిక వరకూ చూస్తే పళ్లుండే మన దంతె దానికి ఇంకా దగ్గర. దంతె అన్న పేరులోనే దంతం వినిపిస్తుంది కదా. పళ్ల మాట వాళ్ల దగ్గర ఇంకా ముందుకు పోయింది. హెర్స్‌కి లాటిన్‌లో మూలం 'హిర్పెక్స్'. దక్షిణ ఇటలీలో ఓస్కన్ అని ఒక పాత భాష ఉండేది, అందులో 'హిర్పుస్' అంటే తోడేలు. ఆ పనిముట్టు పళ్లు తోడేలు కోరల్లా ఉన్నాయని ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది పండితులు చెబుతారు. మనవాళ్లకి చేలో దంతం కనబడింది, వాళ్లకి తోడేలు కనబడింది. నాకు ఈ సంగతి చదివిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంగ్లీషులో ఈ మాట తొలినాళ్లలో ఎట్లా నడిచిందో చూస్తే నీ కీ అర్థమవుతుంది. 1400లో చనిపోయిన చాసర్ అనే కవి, ఒకరు చెప్పిన కథను తాను తిరిగి చెప్పేవాడు ప్రతి మాటనూ వీలైనంత దగ్గరగా 'రెహెర్స్' చెయ్యాలి అని రాశాడు. అక్కడ సాధన ఎక్కడా లేదు. విన్నది విన్నట్టు అప్పజెప్పడమే. ఇంకో ఉదాహరణ మన ఒంగోలులోనే దొరికింది నాకు. ఇక్కడ బాప్టిస్టు కుటుంబాలు చాలా ఉన్నాయి. అమెరికా బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో మొదలైంది, 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. నాతో పనిచేసిన ఒక టీచరమ్మ ఇంట్లో ఇంగ్లీషు బైబిలూ, తెలుగు బైబిలూ పక్కపక్కనే ఉండేవి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, సమూయేలు జనం మాటలన్నీ విని వాటిని దేవుడి చెవుల్లో 'రిహర్స్' చేశాడు అని ఉంటుంది. నేనూ నీలాగే ఆగిపోయాను. ప్రవక్త దేవుడి ముందు రిహార్సల్ వేయడమేమిటి? ఆవిడ తెలుగు బైబిలు తీసి అదే వచనం చూపించింది. అక్కడ తిరిగి చెప్పడం అన్న అర్థమే ఉంది. అంతే. జనం తనతో అన్న మాటల్ని తిరిగి అక్కడ వినిపించాడు. నిఘంటువులో ఎన్నిసార్లు చూసినా నాకు ఎక్కని అర్థం ఆ రెండు పుస్తకాల మధ్య ఒక్క నిమిషంలో ఎక్కింది.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు నేను పిల్లలకి ఈ మాటను 'రీ' ప్లస్ 'హియర్' అని విడగొట్టి చెప్పాను. మళ్లీ వినడం, అందుకే రిహార్సల్ అని. చూడ్డానికి అతికినట్టు ఉంటుంది, పిల్లలకి గుర్తూ ఉంటుంది. కానీ అది నిజం కాదు. 'హియర్' జర్మన్ కుటుంబపు మాట, దానికీ దీనికీ సంబంధం లేదు. స్పెల్లింగులో ఆ నాలుగు అక్షరాలూ అట్లా కలిసి వచ్చాయంతే. పెద్ద నిఘంటువు కొనుక్కున్నాక ఒకరోజు ఊరికే తిరగేస్తుంటే ఇది కంటపడింది. అప్పటికే ఎన్ని బ్యాచ్‌లు వెళ్లిపోయాయో. నీకు ఎవరైనా అట్లా చెబితే నమ్మొద్దు. మాటను మధ్యలో కోసి, కనబడిన ముక్కలకి అర్థం అతికించడం పుట్టుక వెతకడం కాదు. పాత రూపం ఏమిటి, ఏ భాషలోంచి వచ్చింది అని వెనక్కి నడవాలి.

ఇక శవాల బండి. ప్రభుత్వాసుపత్రుల దగ్గర 'మహాప్రస్థానం' అని రాసుకుని నిలబడి ఉంటుందే, అట్లాంటి బండిని ఇంగ్లీషులో 'హర్స్' అంటారు. ఇదీ ఆ పళ్ల చట్రం బిడ్డే. యూరప్ చర్చిల్లో కొవ్వొత్తులు గుచ్చడానికి ముళ్లున్న చట్రం ఒకటి వాడేవాళ్లు. చాలాసార్లు ముక్కోణంగా ఉండేది. పైకి లేచిన ఆ ముళ్ల వరసను చూస్తే చేలో ఈడ్చే హెర్స్‌ను తిరగేసి పెట్టినట్టే ఉంటుంది, అందుకే ఆ పేరు. ఈస్టర్ ముందు వారంలో జరిగే ఒక ఆరాధనలో అట్లాంటి చట్రం మీద పదిహేను కొవ్వొత్తులు వెలిగించి, ఒక్కొక్కటే ఆర్పుతూ పోయేవాళ్లు. పెద్ద హోదా ఉన్నవాళ్లు చనిపోతే వాళ్ల శవపేటిక మీద కూడా కొవ్వొత్తులతో ఇట్లాంటి చట్రం నిలిపేవాళ్లు. మెల్లగా పేరు ఆ చట్రం నుంచి దాని కింద ఉన్న వాటికి పాకింది. 1600ల మధ్యకు వచ్చేసరికి పేటికను మోసే బండికే ఆ పేరు నిలిచింది. కాబట్టి రిహర్స్ అంటే 'మళ్లీ శవాల బండి ఎక్కించడం' కాదు. రెండూ ఒకే చేలో పుట్టి, ఒకటి చర్చి దారి పట్టింది, ఇంకొకటి నోటి మాట దారి పట్టింది. నువ్వు భయపడాల్సింది ఏమీ లేదు.

నాటకం దగ్గరికి వద్దాం. 1570ల నుంచి నాటకాన్ని జనం ముందు ఆడకముందు తమలో తాము ఆడి చూసుకోవడాన్ని రిహర్స్ అనడం కనబడుతుంది. అర్థం ఎట్లా జరిగిందో ఊహించడం కష్టం కాదు. నటుడు చేసే పని కూడా, రాసి ఉన్న మాటల మీదుగా మళ్లీ మళ్లీ వెళ్లడమే. షేక్‌స్పియర్ నాటకం ఒకదానిలో నేతగాడు, వడ్రంగి, దర్జీ లాంటి పనివాళ్లంతా కలిసి రాజుగారి పెళ్లికి నాటకం వేద్దామనుకుంటారు. ఊళ్లో అయితే జనం వెంటపడతారని అడవిలో కలుసుకుని రిహార్సల్ చేసుకుంటారు. ఆ సీను పాఠం చెబుతున్నప్పుడల్లా నాకు మా ఊరే కనబడేది.

మా ఊళ్లో రిహార్సల్ అనేవాళ్లు కాదు. 'ఒద్దికలు' అనేవాళ్లు. శ్రీరామనవమికి పౌరాణిక నాటకం ఉందంటే సంక్రాంతి పోగానే ఒద్దికలు మొదలు. రాత్రి అన్నాలు తిన్నాక బడి వరండాలో పెట్రోమాక్స్ లైటు వెలిగించి కూర్చునేవాళ్లు. తాపీమేస్త్రి ఒకాయన అర్జునుడు, దర్జీ ఒకాయన కృష్ణుడు. హార్మోనియం ఆయన్ని ఒంగోలు నుంచి పిలిపించేవాళ్లు, ఆయనకి చాప, దిండు, వేడి వేడి కాఫీ. ఒకరాత్రి కృష్ణుడి పద్యం మూడో పాదం దగ్గర ఆగిపోయింది. రాగం తీసే చోట ఊపిరి చాలడం లేదు. హార్మోనియం ఆయన బెలోస్ మీద చెయ్యి ఆపి, "మళ్లీ ఎత్తుకో నాయనా" అన్నాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే విరిగింది. ఎన్నిసార్లు అయిందో లెక్కలేదు. స్తంభానికి ఆనుకుని నేను కునుకు తీస్తున్నాను. ఉన్నట్టుండి ఆ పాదం సాఫీగా దాటిపోయింది, నాలుగో పాదంలోకి జారింది. కునుకులో ఉన్న నాక్కూడా మెలకువ వచ్చింది. రాగం ఏదో నాకు గుర్తులేదు గానీ, ఆయన అంతకుముందు మాటల మీద పడుతూ లేస్తూ పోయాడు, ఈసారి మాటలు ఆయన కింద మెత్తబడ్డాయి. గుంటక రెండోసారి పోయిన చేను అట్లాగే ఉంటుంది. రిహర్స్ పుట్టుక తెలిశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆ వరండానే.

ఒద్దిక అన్న మాటను మనం పోగొట్టుకుంటున్నాం, అది నాకు నిజంగా బాధ. ఒద్దికగా ఉండటం అంటే ఒకరితో ఒకరు పొందికగా ఉండటం. అత్తాకోడళ్లు ఒద్దికగా ఉన్నారు అంటామే, అదే మాట. నాటకంలో నటుడికీ నటుడికీ, పద్యానికీ హార్మోనియానికీ పొందిక కుదరడానికి చేసే పని కాబట్టి ఒద్దిక. ఇంగ్లీషువాడు చేసే పనిని చూసి పేరు పెట్టుకున్నాడు, మనం ఆ పని చివర రావలసిన దాన్ని చూసి పెట్టుకున్నాం. జర్మన్లు దీన్ని పరీక్షించి చూడటం అనే అర్థంలో 'ప్రోబె' అంటారు. విచిత్రం ఏమిటంటే ఇంగ్లీషుకి రిహర్స్ ఇచ్చిన ఫ్రెంచివాళ్లు తమ నాటకాలకు దాన్ని వాడరు, 'రెపెటిస్యోఁ' అంటారు, అంటే రిపిటిషన్. వాళ్ల హెర్స్ ఇప్పటికీ చేలోనే ఉంది, పళ్ల చట్రంగానే.

నీ వాక్యంలోని రిహర్స్‌కి తెలుగులో మాట కావాలంటే నేను 'ఏకరువు పెట్టడం' అంటాను. తన కష్టాలన్నీ ఏకరువు పెట్టాడు అంటాం చూడు, ఇంగ్లీషువాడు సరిగ్గా అక్కడ రిహర్స్ వాడతాడు. ఒకటి తర్వాత ఒకటి, ఉన్నవన్నీ, ఇంతకుముందు చెప్పినవే. 'తిరగదోడడం' కూడా దగ్గరే గానీ అంతటా నప్పదు. తోడడం నేల పని. వేసవిలో గుండ్లకమ్మ ఇసుకలో చెలమ తోడి నీళ్లు ముంచుకునేవాళ్లు కదా, ఆ తోడడం. పూడిపోయినదాన్ని మళ్లీ తోడితే తిరగదోడడం. వాళ్ల రిహర్స్ లాగే మన మాట కూడా మట్టిలోంచి నోటికి వచ్చింది. కాకపోతే మనం దాన్ని గొడవలకే అట్టిపెట్టాం. పాత పగలు తిరగదోడతాం, పాత కేసులు తిరగదోడతాం. మంచి సంగతిని ఎవరూ తిరగదోడరు. మంచిదైతే నెమరువేసుకుంటాం, పశువు మేసింది మళ్లీ నోట్లోకి తెచ్చుకున్నట్టు. ఇంగ్లీషులోనూ 'రూమినేట్' అన్న మాట అక్కడిదే. పశువు మొదటి పొట్టకి 'రూమెన్' అని పేరు, మేత అక్కడికి పోయి తిరిగి నోట్లోకి వస్తుంది. బట్టీ పట్టడానికి వల్లెవేయడం ఉంది. రిహర్స్ వీటన్నిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకే ఒక్క తెలుగు మాటతో దాన్ని కట్టేయలేం.

మళ్లీ అనే అర్థం కోసం తెలుగు చాలాసార్లు కొత్త క్రియ వెతుక్కోదు, ఉన్న మాటనే రెండుసార్లు అనేస్తుంది. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాయి. అట్లా రెట్టించిన మాటలో రెండోదాన్ని వ్యాకరణంలో ఆమ్రేడితం అంటారని పదో తరగతిలో చదివే ఉంటావు. చెప్పడమే మళ్లీ జరిగినట్టు చెవికి తెలిసిపోతుంది. ఇంగ్లీషుకి ఆ వసతి తక్కువ, అందుకే దానికి ఇన్ని క్రియలు.

వాటిలో రెండు నీకు పనికొస్తాయి. రిపీట్ అంటే లాటిన్‌లో మళ్లీ దాని కోసం వెళ్లడం, మళ్లీ కోరడం. పిటిషన్, కాంపిటీషన్, యాపిటైట్ అన్నిటిలో అదే 'పెత్' ఉంది. అర్జీ పెట్టుకోవడం, పోటీ పడటం, ఆకలి, అన్నీ ఏదో ఒకదాని వైపు పోవడాలే. రీఇటరేట్‌లో లోపలి ముక్క 'ఇతెరుమ్', అంటే మళ్లీ, ఇంకొకసారి. మనం రోజూ వాడే 'ఇతర' దీనికి తోబుట్టువు. మనం ఇంకొకరు అన్నచోట లాటిన్‌వాళ్లు ఇంకోసారి అన్నారు. ఇటరేట్ అన్నా మళ్లీ చెప్పడమే కాబట్టి, ముందు 'రీ' చేర్చడం మళ్లీకి మళ్లీ తగిలించడం. మన పేపర్లలో మంత్రిగారు పునరుద్ఘాటించారు అని వస్తుంది చూడు, రీఇటరేట్‌కి అది సరిగ్గా సరిపోతుంది. మాట మీద నిలబడి గట్టిగా మళ్లీ చెప్పడం. రిహర్స్‌లో ఆ గట్టితనం ఉండదు.

సేద్యం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. పద్యానికి ఇంగ్లీషులో 'వెర్స్' అంటారు. సాలు చివర మడక వెనక్కి తిరగడం నుంచి వచ్చిన మాట అది. లాటిన్‌లో 'వెర్తెరె' అంటే తిరగడం. ఒక సాలు అయిపోగానే తిరిగి ఇంకో సాలు, ఒక పాదం అయిపోగానే ఇంకో పాదం. సంస్కృతంలో 'వృత్' ధాతువు దీనికి సొంత తోబుట్టువు. ఉత్పలమాల, చంపకమాలలను వృత్తాలు అంటాం, మళ్లీ మళ్లీ చేయడాన్ని ఆవృత్తి అంటాం. వెర్స్, వృత్తం, ఆవృత్తి, మూడూ ఒకే వేరు. 'డెలీరియం' అంటే జ్వరంలో పలవరింత. దానికి లాటిన్‌లో మూలార్థం సాలు తప్పి పోవడం. మనమూ గాడి తప్పాడు అంటాం. దున్నే మనుషులు ఎక్కడున్నా ఒకేలా ఆలోచించారేమో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు పరీక్ష సంగతి. వాక్యంలో రిహర్స్ కనబడితే దాని కర్మ ఏమిటో చూడు. ఆ కర్మ ఇప్పటికే జరిగినదా, చెప్పినదా, లేక ఇకముందు జరగబోయేదా? లాయరు జడ్జిగారి ముందు కేసు వివరాలు రిహర్స్ చేశాడంటే, అవి జరిగిపోయినవి, కాబట్టి వరసగా వివరించాడు అని. రేపటి ఇంటర్వ్యూలో చెప్పబోయే జవాబుల్ని అద్దం ముందు రిహర్స్ చేసిందంటే, అవి ఇంకా చెప్పలేదు, కాబట్టి సాధన. నాటకం, పాట, ప్రసంగం, పెళ్లి, ఇవి కర్మగా వస్తే దాదాపు ఎప్పుడూ సాధనే. వాదనలు, వాస్తవాలు, కారణాలు, ఫిర్యాదులు వస్తే ఏకరువు పెట్టడమే. నీ ప్యాసేజీలో కర్మ ఆర్గ్యుమెంట్స్, దానికి ముందు 'ఓల్డ్' అని ఉంది. పైగా 'మియర్లీ' అని ఉంది, అంటే కేవలం. ఆ నివేదిక కొత్తగా చెప్పిందేమీ లేదు, పాతవే ఏకరువు పెట్టింది అని రాసినవారి విమర్శ. 'సాధన చేసింది' అని పెడితే ఆ మియర్లీకి అర్థమే మిగలదు.

'వెల్ రిహర్స్‌డ్' అని వస్తే జాగ్రత్త. నాటక సమాజం గురించి అయితే మెచ్చుకోలు, బాగా ఒద్దికలు చేసి వచ్చారని. ఒక నాయకుడి జవాబు గురించి అయితే చురక, ముందే బట్టీ పట్టి వచ్చిన మాటలు, మనసులోంచి వచ్చినవి కావు అని. వ్యాకరణంలో ఇబ్బంది ఏమీ లేదు, కర్మ నేరుగా వస్తుంది, మధ్యలో 'అబౌట్' పెట్టొద్దు. దేని కోసం సాధనో చెప్పాలంటే 'ఫర్' పెట్టొచ్చు. పలికేటప్పుడు క్రియ 'రిహర్స్', నామవాచకం 'రిహర్సల్'. మనం 'హా' అని దీర్ఘం తీసి రిహార్సల్ అంటాం, తెలుగులో మాట్లాడేటప్పుడు అట్లాగే అను, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం 'హా' అనకుండా 'హర్' అను.

సమానార్థకం అడిగితే ఆప్షన్లలో రీకౌంట్, రిసైట్, రిపీట్, ప్రాక్టీస్ వీటిలో కొన్ని ఉంటాయి, వాక్యం చూసి ఎంచుకో. రెండు అర్థాలకీ సరిపోయేవి రెండూ ఆప్షన్లలో పెట్టి నిన్ను పరీక్షిస్తారు, నీ మాక్ టెస్ట్‌లో చేసింది అదే. వ్యతిరేకార్థం అడిగితే 'ఇంప్రొవైజ్' పెట్టు. అవధానాల్లో ఆశువుగా చెప్పడం అంటామే, అది.